పాత పెద్ద విమానాల అనుభవం కోసం ఇప్పుడు ఏ విమానం ఎక్కాలి?

మధ్యలో రెండు నడవలుండి, వరుసకు ఏడు నుంచి పది మంది కూర్చునే పాత వైడ్‌బాడీ విమానాల్లో ఇరవై ముప్పై ఏళ్ల కిందట ప్రయాణించిన వాళ్లకు, అవి పూర్తిగా కనుమరుగయ్యేలోగా మరొక్కసారి ఎక్కి రావాలనిపించడం సహజం. అలా అనిపించిన వెంటనే చాలామంది బోయింగ్ 747 ఇంకా ఏ మార్గంలో తిరుగుతోందో వెతికి, దొరికిన టికెట్టు కొనేస్తారు. నేనూ మొదట అదే చేశాను. తీరా ఎక్కి కూర్చున్నాక, పేరూ ఆకారమూ పాతవే అయినా నేను వెతుక్కుంటూ వచ్చినది అక్కడ సగమే ఉందని తెలిసింది.

విమానం పాతదైనంత మాత్రాన దాని లోపలి అనుభవం పాతదిగా మిగలదు. సీట్లు, తివాచీలు, దీపాలు, తెరలు, చివరికి గోడలకు తొడిగిన పలకలు కూడా కొన్నేళ్లకోసారి మారిపోతాయి. ఎంత ఖర్చు పెట్టినా ఏ సంస్థా మార్చలేనివి కొన్నే ఉన్నాయి: విమానదేహం వెడల్పు, ఆ వెడల్పును బట్టి కుదిరే సీట్ల అమరిక, గోడ వంపు, రెక్క కదిలే తీరు, ఇంజిన్ గొంతు, రన్‌వే మీద పరుగు పొడవు, ఉంటే గింటే మెట్లు. కాబట్టి ఎంపిక చేసేటప్పుడు విమానం పేరు కన్నా ముందు, మీ జ్ఞాపకం ఈ మార్చలేని వాటిలో దేనితో ముడిపడి ఉందో చూసుకోవాలన్నది నా అభిప్రాయం. ఈ పోలిక మొత్తం ఆ లెక్క మీదే సాగుతుంది.

తిరిగి రానివి

కొన్ని జ్ఞాపకాలను ఏ టికెట్టూ తిరిగి ఇవ్వదు. వాటిని ముందే పక్కన పెడితే నిరాశ తగ్గుతుంది. నా మటుకు నాకు తొలి ప్రయాణం అంటే గుర్తొచ్చేది ఇయర్‌ఫోన్లే. అవి డాక్టరు మెడలో వేసుకునే స్టెతస్కోపులా రెండు బోలు గొట్టాలు. వాటిలో తీగ అన్నది ఉండేది కాదు. స్పీకరు సీటు చేతిలోనే ఉండేది, గొట్టం కొసలను చేతికున్న రెండు రంధ్రాల్లో దూరిస్తే శబ్దం గాలిలోనే ప్రయాణించి చెవికి చేరేది. గొట్టాన్ని వేలితో మడిస్తే పాట ఆగిపోయేది, వదిలితే మళ్లీ వచ్చేది. గొట్టం లేకుండా సీటు చేతికే చెవి ఆనించినా సన్నగా వినిపించేది. ఆ పాటా, ముందు గోడ మీద ప్రొజెక్టరుతో అందరికీ కలిపి వేసే ఒకే ఒక్క సినిమా ఇప్పుడు ఏ విమానంలోనూ లేవు.

పొగ తాగేవారి వరుసలు కూడా పోయాయి, ఆ వాసన పోయినందుకు మాత్రం బాధపడేవాళ్లు ఉండరు. అమెరికాలో 1988లో రెండు గంటల లోపు దేశీయ ప్రయాణాలతో మొదలైన నిషేధం, 2000 నాటికి అక్కడికి వచ్చిపోయే అంతర్జాతీయ ప్రయాణాలకూ వర్తించింది. అయితే టాయిలెట్ తలుపు దగ్గర చిన్న బూడిద పెట్టె ఇప్పటికీ కనిపిస్తుంది. ఎవరైనా దొంగచాటుగా వెలిగించి, ఆర్పకుండా కాగితాల బుట్టలో పారేస్తే మంటలు లేచే ప్రమాదం ఉంటుంది గనుక, ఆ పెట్టె ఉండితీరాలన్నది భద్రతా నిబంధన.

747: పాతది కావాలా, కొత్తది కావాలా?

1969 ఫిబ్రవరి 9న తొలిసారి ఎగిరిన 747, 1970 జనవరి 22న పాన్ అమెరికన్ సంస్థ తరఫున న్యూయార్క్ నుంచి లండన్‌కు ప్రయాణికులతో బయలుదేరింది. ఆ రాత్రి అనుకున్న విమానానికి ఇంజిన్ వేడెక్కడంతో వేరొక 747ను తెప్పించి, గంటల ఆలస్యంతో పంపవలసి వచ్చింది. దాని తలపై ఉన్న మూపురానికి కారణం సౌకర్యమో అందమో కాదు. రానున్న రోజుల్లో ప్రయాణికులందరూ ధ్వనిని మించిన వేగంతో పోయే విమానాలకు మళ్లిపోతారనీ, అప్పుడు ఈ విమానం సరుకులు మోయవలసి వస్తుందనీ ఆనాటి అంచనా. ముక్కును పైకెత్తి సరుకు ఎక్కించాలంటే పైలట్ల గది దారికి అడ్డం ఉండకూడదు కాబట్టి దాన్ని పైకి తీసుకెళ్లారు; దాని వెనుక మిగిలిన చోటే పై అంతస్తు అయింది. తొలినాళ్లలో చుట్టు మెట్లు ఎక్కి వెళ్తే అక్కడ లాంజ్ ఉండేది. కింద ఎకానమీ ప్రయాణికుల కోసం కూడా లాంజ్ పెట్టి, అందులో ఎలక్ట్రిక్ పియానో ఉంచిన సంస్థ అమెరికన్ ఎయిర్‌లైన్స్. చమురు ధరలు పెరిగాక ఆ స్థలాలన్నీ సీట్లుగా మారిపోయాయి. పై అంతస్తును పొడిగించిన 747-300తో చుట్టు మెట్ల స్థానంలో తిన్నని మెట్లు వచ్చాయి. 1989లో సేవలోకి వచ్చిన 747-400తో ఫ్లైట్ ఇంజినీరు కుర్చీ తీసేసి, పైలట్ల గదిలో సిబ్బందిని ఇద్దరు పైలట్లకే పరిమితం చేశారు.

ఈ రోజుల్లో ప్రయాణికులకు దొరికే అవకాశం ఉన్నవి 747-400, 2012లో లుఫ్తాన్సా మొదలుపెట్టిన 747-8. ఈ రెండింటి మధ్య ఎంపిక అంత తేలికైనది కాదు. దూరం నుంచి చూస్తే అవి అన్నదమ్ములే, లోపల కూర్చుని వింటే మాత్రం వేర్వేరు కాలాలవి. 747-8 ఇంజిన్లు కొత్త విమానమైన బోయింగ్ 787 కోసం తయారైన తరానివి. వాటి వెనుక అంచు రంపం పళ్లలా ఉంటుంది. ఆ పళ్లు ఉన్నదే చప్పుడును తగ్గించడానికి. రెక్క కూడా కొత్తగా గీసినదే. 747-400లో దిగే ముందు రెక్క వెనుక నుంచి ఫ్లాపులు (రెక్కను వెనక్కీ కిందికీ పొడిగించే పలకలు) మూడు ముక్కలుగా విడిపోతూ, ఒకదాని కింద ఒకటి జారుతూ, రెక్క సగానికి సగం విచ్చుకున్నట్లు కనిపిస్తుంది. ఆ ఖాళీల్లోంచి కింద పొలాలూ ఇళ్లూ కదలడం చూడవచ్చు. 747-8లో లోపలి ఫ్లాపులను రెండు ముక్కలకూ బయటివాటిని ఒక్క ముక్కకూ కుదించారు. ఇంజినీర్లకు అది మెరుగుదలే. కిటికీ దగ్గర కూర్చుని ఆ మూడు ముక్కల విన్యాసం చూసిన కళ్లకు మాత్రం ఏదో తక్కువైనట్లే ఉంటుంది.

అందుచేత, రెండూ అందుబాటులో ఉంటే సందేహం లేకుండా 747-400 వైపే మొగ్గండి, సీట్లు కాస్త పాతబడి ఉన్నా సరే. అది దొరకనప్పుడు 747-8 మంచి ప్రత్యామ్నాయమే, కానీ దాని నుంచి ఏం ఆశించాలో తెలిసి ఎక్కాలి. విశాలమైన క్యాబిన్, ముక్కు భాగంలో లోపలికి వంగే గోడలు, నాలుగు ఇంజిన్ల నింపాదితనం అందులోనూ దొరుకుతాయి; పాత చప్పుడు దొరకదు.

పై అంతస్తు సంగతి వేరుగా చెప్పాలి. ఒకప్పుడు కొన్ని సంస్థలు అక్కడ ఎకానమీ సీట్లు కూడా వేసేవి. ఇప్పుడు మిగిలిన 747లలో పై అంతస్తు అంటే ఎక్కువగా బిజినెస్ క్లాస్ టికెట్టే. చిన్న విమానంలా ఇరుకుగా, ప్రశాంతంగా ఉండే ఆ గది, గోడ వంపు వల్ల కిటికీకీ సీటుకూ మధ్య మిగిలే సందులో మూత తీసి సామాను పెట్టుకునే పొడవాటి పెట్టె, కింది నుంచి ఎక్కడో దూరంగా వినిపించే ఇంజిన్లు మీ జ్ఞాపకంలో ముఖ్యమైనవైతే ఒక్కసారి ఆ ఖర్చు పెట్టడంలో అర్థం ఉంది. లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకుని కింది అంతస్తులో తోక దగ్గరి వరుసలు చూడండి. విమానదేహం అక్కడ సన్నబడటం వల్ల మూడు-నాలుగు-మూడు అమరిక చివరి కొన్ని వరుసల్లో రెండు-నాలుగు-రెండుగా మారుతుంది. ఇద్దరు కలిసి వెళ్లేటప్పుడు కిటికీ పక్కన ఆ జంట సీట్లకు మించినవి ఎకానమీలో లేవు. తోక కాస్త ఎక్కువగా ఊగుతుంది, అది కూడా పాత అనుభవంలో భాగమే అనుకోవాలి.

చెవితో ఎంచుకునేవారికి

టేకాఫ్ సమయంలో రంపంతో దుంగ కోస్తున్నట్లు వినిపించే ఆ రొద మీకు గుర్తుంటే, మీరు వెతకవలసినది 747 కాకపోవచ్చు. ఇంజిన్ ముందున్న ఫ్యాన్ రెక్కల కొసలు ధ్వని వేగాన్ని మించి తిరిగినప్పుడు చిన్న చిన్న షాక్ తరంగాలు పుట్టి, అవి ముందు వైపుకే ఎక్కువగా వ్యాపిస్తాయి. ఆ రొద అదే. కొత్త ఇంజిన్లలో ఫ్యాన్ రెక్కల ఆకారమూ, చుట్టూ ఉన్న శబ్దం పీల్చే పొరలూ దాన్ని చాలావరకు మింగేస్తాయి. 747-400కు జనరల్ ఎలక్ట్రిక్ సీఎఫ్6-80సీ2 గానీ, ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ4000 గానీ, రోల్స్‌రాయిస్ ఆర్‌బీ211 గానీ అమర్చేవారు. బోయింగ్ 767-300కు కూడా ఈ మూడు కుటుంబాల ఇంజిన్లే వచ్చాయి. అంటే 747-400 గొంతును ఈనాడు తక్కువ ఖర్చుతో వినాలంటే, కొత్త 747-8 కన్నా పాత 767 నమ్మకమైన దారి. చాలామందికి తట్టని పోలిక ఇదే. నాకు కూడా ఒక రాత్రి ప్రయాణంలో కళ్లు మూసుకుని ఉన్నప్పుడే తెలిసివచ్చింది.

767లో మరో మార్చలేని సుగుణం దాని సన్నదనం. 1981లో తొలిసారి ఎగిరి 1982లో సేవలోకి వచ్చిన ఈ విమానం దేహం వెడల్పు 5.03 మీటర్లు, పెద్ద విమానాల్లో వాడే మామూలు సరుకు పెట్టెలు దాని పొట్టలో రెండు పక్కపక్కన పట్టవు. సరుకు రవాణా చేసేవాళ్లకు అది లోపం. ప్రయాణికులకు అదే వరం, ఎందుకంటే రెండు-మూడు-రెండు అమరికను దాటి ఎనిమిదో సీటును ఇరికించడానికి మామూలుగా ఎవరూ సాహసించలేదు. వరుసకు ఏడుగురిలో ఆరుగురు కిటికీ పక్కనో నడవ పక్కనో ఉంటారు, ఒక్కరే ఇద్దరి మధ్య ఇరుక్కుంటారు. 1980లలో కూర్చున్న తీరులోనే నేటికీ కూర్చోగలిగే విమానం ఇంకేదైనా ఉందా అంటే వెంటనే పేరు తోచదు. అమెరికాలో యునైటెడ్, డెల్టా సంస్థలు అట్లాంటిక్ మీదుగా దీన్ని ఎక్కువగా నడుపుతూ వచ్చాయి. ఆ సంస్థల దగ్గరున్న 767-400 కన్నా 767-300నే ఎంచుకోమంటాను. 400 రకానికి గోడలూ సామాను అరలూ 777 పద్ధతిలో వచ్చాయి. ఎక్కే ముందు టెర్మినల్ అద్దంలోంచి అది దిగుతుండగా చక్రాలను గమనించండి. తక్కిన విమానాల్లో వెనుక చక్రాలు ముందుగా నేలను తాకేలా గుత్తి వంగి ఉంటుంది, 767లో ముందు చక్రాలు కిందికి వాలి ఉంటాయి. ఎంత దూరం నుంచైనా దాన్ని గుర్తుపట్టడానికి ఇంతకన్నా సులువైన ఆనవాలు లేదు.

మూడు ఇంజిన్ల పాత వైడ్‌బాడీ లాక్‌హీడ్ ట్రైస్టార్‌ను ప్రేమించినవాళ్ల దారి వేరు. ఆ విమానం కోసమే పుట్టిన ఆర్‌బీ211 ఇంజిన్ ఖర్చు తట్టుకోలేక రోల్స్‌రాయిస్ 1971 ఫిబ్రవరిలో దివాలా తీసింది, బ్రిటిష్ ప్రభుత్వం కంపెనీని చేతిలోకి తీసుకుని నిలబెట్టింది. మిగతా కంపెనీల ఇంజిన్లలో రెండు షాఫ్టులు (లోపల తిరిగే ఇరుసులు) ఉంటే, దీనిలో ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు షాఫ్టులుంటాయి. తక్కువ వేగంలో అది చేసే బొంగురు మూలుగుకు మూలం ఆ నిర్మాణమే. ట్రైస్టార్ పోయినా ఆ వంశం ట్రెంట్ పేరుతో కొనసాగింది. ట్రెంట్ 700 బిగించిన ఎయిర్‌బస్ ఏ330 గానీ, ట్రెంట్ 800 బిగించిన 777-200 గానీ ఎక్కి, గేటు నుంచి రన్‌వే దాకా నెమ్మదిగా పోతున్నప్పుడు చెవి ఒగ్గితే ఆ మూలుగు పోల్చుకోవచ్చు. క్యాథే పసిఫిక్ ఏ330-300లకు ట్రెంట్ 700, అమెరికన్ ఎయిర్‌లైన్స్ 777-200లకు ట్రెంట్ 800 ఉంటాయి. టేకాఫ్‌లో వినిపించేది మాత్రం పూర్తిగా అదే కాదు, అంతవరకే ఆశించాలి.

ఏ300 గుర్తున్నవారికి ఏ330

ఎయిర్‌బస్ ఏ300 ప్రపంచంలో మొదటి రెండు ఇంజిన్ల వైడ్‌బాడీ. 1972 అక్టోబరు 28న ఎగిరి, 1974 మే నెలలో ఎయిర్ ఫ్రాన్స్‌తో పారిస్, లండన్ మధ్య సేవ మొదలుపెట్టింది. దాని దేహం వెడల్పు 5.64 మీటర్లు. ఏ310కీ, ఏ330కీ, ఏ340కీ అదే గొట్టాన్ని పొడవు మార్చి వాడారు. కాబట్టి ఏ300లో రెండు-నాలుగు-రెండుగా కూర్చున్న గుర్తున్నవాళ్లు ఈనాడు ఏ330 ఎక్కితే, భుజానికీ గోడకూ మధ్య దూరం, నడవ వెడల్పు, తలపై వంపు ఇంచుమించు అప్పటివే అనిపిస్తాయి. ఇది తేలికగా దొరికే విమానం, ధర కూడా మామూలుగానే ఉంటుంది. ఏ330నియో అన్నది వేరే, దానికి కొత్త ఇంజిన్లు, కొత్త లోపలి అలంకరణ. కొన్ని చౌక విమాన సంస్థలు ఇదే గొట్టంలో వరుసకు తొమ్మిది సీట్లు వేస్తాయి. సీట్ల పటంలో మూడు-మూడు-మూడు కనిపిస్తే వదిలేయండి.

ఏ340, లేదా నేలను వదలడానికి తొందరపడని విమానం

నా మట్టుకు ఈ జాబితాలో ఇష్టమైనది ఇదే కావడం వల్ల కొంచెం పక్షపాతం కనిపించవచ్చు. పాత ప్రయాణాల్లో టేకాఫ్ ఒక పెద్ద తతంగంలా ఉండేదని చెప్పేవాళ్లు అతిశయోక్తి చెప్పడం లేదు, దానికి లెక్క ఉంది. ఏ విమానమైనా టేకాఫ్ మధ్యలో ఒక ఇంజిన్ ఆగిపోయినా క్షేమంగా పైకి లేవగలగాలి. రెండు ఇంజిన్ల విమానానికి ఒకటి పోతే సగం బలం పోతుంది కనుక, రెండూ పనిచేస్తున్న మామూలు రోజున దాని దగ్గర బలం బోలెడంత మిగిలి ఉంటుంది. అందుకే ఈనాటి విమానాలు రన్‌వే మీద నాలుగు అడుగులు వేసి చివ్వున లేచిపోతాయి. నాలుగు ఇంజిన్ల దానికి ఒకటి పోయినా పోయేది పావు వంతే. కనుక మిగులు బలం తక్కువ పెట్టుకుంటే చాలు. ఫలితంగా నిండా ఇంధనం వేసుకున్న ఏ340-300 రన్‌వే మీద ఆడుతూ పాడుతూ పరుగెత్తుతుంది. అంచు దీపాలు ఒక్కొక్కటిగా వెనక్కి పోతుంటాయి, ముక్కు లేచాక కూడా చక్రాలు నేలను వదలడానికి కాస్త ఆలోచిస్తాయి. భూమి గుండ్రంగా ఉండి కిందికి వంగిపోతుంది కాబట్టే అది గాల్లోకి లేస్తుందని పైలట్లు హాస్యమాడేవారు. దాని సీఎఫ్ఎం56 ఇంజిన్లు ఒకే నడవ ఉన్న చిన్న విమానాల ఇంజిన్ల కుటుంబానివే మరి.

గాల్లోకి లేచాక కథ వేరు. చిన్న ఇంజిన్లు నాలుగు, పొడవాటి సన్నని రెక్కల మీద దూరదూరంగా ఉండటం వల్ల క్యాబిన్‌లో చప్పుడు తక్కువ, కడుపులో చల్ల కదలకుండా ప్రయాణం సాగిపోతుంది. 1991లో ఎగిరి 1993లో సేవలోకి వచ్చిన ఏ340లు మొత్తం 377 డెలివరీ అయ్యాయి. 2011లో ఉత్పత్తి ఆగిపోయింది. దీన్ని ఓడించింది దీని ఇంట్లోనే పుట్టిన ఏ330, దాంతోపాటు 777. సముద్రం మీద రెండు ఇంజిన్లతో దగ్గరి విమానాశ్రయానికి రెండు గంటల దూరం వరకు పోవచ్చని 1985లో అనుమతులు మొదలైనప్పుడే నాలుగు ఇంజిన్ల రోజులు లెక్కలోకి వచ్చాయి.

ఏ340లో రెండు రకాల మధ్య ఎంచుకోవలసి రావచ్చు. తాపీ టేకాఫ్ కోసమైతే 300 రకం. లుఫ్తాన్సా, స్విస్ సంస్థలు దీన్ని చాలాకాలం నడిపాయి. 75 మీటర్లు దాటిన పొడవూ, కిటికీలోంచి వెనక్కి చూస్తే ఎక్కడో ఉన్న రెక్కా ముచ్చటగా ఉంటాయనుకుంటే 600 రకం. లుఫ్తాన్సా 600లలో ఎకానమీ టాయిలెట్లు కింది అంతస్తులో ఉంటాయి. నడవ మధ్యలో మెట్లు దిగి వెళ్తే కింద ఒక చిన్న వసారా, చుట్టూ తలుపులు. అర్ధరాత్రి అందరూ నిద్రపోతున్న వేళ ఆ మెట్లు దిగి కాసేపు ఊరికే నిలబడటం, పాత 747 చుట్టు మెట్ల మీద నిలబడటానికి ఈనాడు ఎకానమీ టికెట్టుతో దొరికే దగ్గరి పోలిక. ఈ రెండు రకాలూ విరమణకు దగ్గరపడ్డాయి కాబట్టి, 767నూ ఏ330నూ తర్వాతకు వాయిదా వేసి ముందు వీటిని ఎక్కమని నా సలహా.

777, ఏ380 గురించి క్లుప్తంగా

1995లో వచ్చిన తొలి 777-200లు ఇప్పుడు నిజంగానే పాతవి. అప్పట్లో యునైటెడ్ వాటిలో రెండు-అయిదు-రెండు అమరిక వేసింది. మధ్య అయిదులో నట్టనడుమ కూర్చున్నవాడు ఎటు లేవాలన్నా ఇద్దరిని లేపాల్సిందే. తర్వాత చాలా సంస్థలు తొమ్మిది సీట్ల చోట పది ఇరికించాయి. ఇంజిన్ గొంతు కోసం తప్ప, వెడల్పు జ్ఞాపకం కోసం 777 ఎక్కడం దండగ.

రెండు అంతస్తుల ఏ380ను పాతదనలేం, 2007లోనే వచ్చింది. అయినా 2021లో ఉత్పత్తి ఆగిపోయింది గనుక దానికీ ముసలితనం వచ్చేసింది. 747 పై అంతస్తు మీద మోజుండి బిజినెస్ టికెట్టు కొనలేనివారు, ఏ380 పై అంతస్తులో వెనుక భాగాన ఎకానమీ సీట్లు వేసిన సంస్థను వెతకండి. అక్కడ రెండు-నాలుగు-రెండు అమరిక, కిటికీ పక్క సామాను పెట్టె రెండూ ఉంటాయి. నిశ్శబ్దం మాత్రం మరీ ఎక్కువ. పక్క వరుసలో గురక కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

టికెట్టుతో దొరకనివి

మూడు ఇంజిన్ల విమానాలైన ట్రైస్టార్, డీసీ-10, ఎండీ-11 జ్ఞాపకాలకు ప్రయాణం రూపంలో దారి లేదు. డీసీ-10 చివరి ప్రయాణికుల సేవలు 2014 ఫిబ్రవరిలో బిమాన్ బంగ్లాదేశ్‌వి. ఆ సందర్భంగా బర్మింగ్‌హామ్ నుంచి అభిమానుల కోసం చిన్న చిన్న విహారాలు కూడా నడిపారు. అదే ఏడు అక్టోబరులో కేఎల్ఎం తన ఎండీ-11ను ప్రయాణికుల సేవ నుంచి తప్పించింది. ట్రైస్టార్‌లు మొత్తం 250 మాత్రమే తయారయ్యాయి; వంటగది నేల కింద ఉండి, భోజనం బళ్లు చిన్న లిఫ్టులో పైకి వచ్చే ఏర్పాటు వాటిలో ఉండేది. సోవియట్ ఇల్యూషిన్-86 మరీ విచిత్రం. ప్రయాణికులు తమ పెట్టెలు తామే మోసుకుంటూ విమానానికున్న మెట్ల మీదుగా కింది అంతస్తులోకి ఎక్కి, సామాను అక్కడి అరల్లో పెట్టి, లోపలి మెట్లతో పై క్యాబిన్‌లోకి వెళ్లేవారు.

తొలితరం 747ను తాకి చూడాలంటే మ్యూజియమే శరణ్యం, కొన్ని విషయాల్లో అది ప్రయాణం కన్నా మెరుగు. సియాటిల్‌లోని మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌లో మొట్టమొదటి 747 ఉంది. జర్మనీలోని ష్పేయర్‌లో లుఫ్తాన్సా 747-200ను ఎత్తయిన స్తంభాల మీద నిలబెట్టారు, రెక్క మీదికి కూడా నడిచి వెళ్లవచ్చు. పారిస్ దగ్గర లె బుర్జేలో ఎయిర్ ఫ్రాన్స్ తొలితరం విమానం ఉంది. అట్లాంటాలోని డెల్టా మ్యూజియంలో ఉన్నది మొట్టమొదటి 747-400. వీటిలో ఒక్కటే చూడగలిగితే నేను ష్పేయర్ అంటాను. ప్రయాణికుడిగా ఎన్నిసార్లు ఎక్కినా కింద నిలబడి ఆ పొట్టను తలెత్తి చూసే అవకాశం రాదు.

కొనేటప్పుడు

విమాన సంస్థ మీకు అమ్మేది ప్రయాణమే తప్ప ఫలానా విమానం కాదు. విమానం మారిస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలన్న నియమం మామూలుగా ఉండదు. ఒకసారి నేను 747-400 కోసమే దారి మళ్లించుకుని, రెండు చోట్ల దిగి ఎక్కేలా టికెట్టు కొన్నాను. గేటు దగ్గరకు వెళ్లేసరికి అద్దం అవతల రెండు ఇంజిన్ల 777 నిలబడి ఉంది. కౌంటర్‌లోని అమ్మాయి నా ముఖం చూసి ఏదో ఘోరం జరిగిందనుకుని కంగారు పడింది. విషయం చెబితే ఆమెకు అర్థం కాలేదు, అర్థం కావలసిన అవసరమూ లేదు.

అప్పటి నుంచి రెండు జాగ్రత్తలు పాటిస్తున్నాను. ఒకే రకం విమానం రోజూ తిరిగే మార్గాన్నే ఎంచుకుంటాను. రకం మార్చి మార్చి నడిపే మార్గంలో మన కోరిక నెగ్గదు. టికెట్టు కొన్నాక కూడా వివరాల్లో ఉండే మూడంకెల గుర్తును అప్పుడప్పుడు చూస్తాను. 744 అంటే 747-400, 763 అంటే 767-300, 343 అంటే ఏ340-300, 346 అంటే ఏ340-600, 333 అంటే ఏ330-300, 772 అంటే 777-200, 388 అంటే ఏ380. 747-8కు మాత్రం 74 పక్కన హెచ్ అక్షరం ఉంటుంది. గుర్తు మారకపోయినా సీట్ల పటం మారితే విమానం మారినట్లే లెక్క.

లోహపు పాత విమానాల్లో గాలి పొడిగా ఉంటుందనీ, క్యాబిన్ పీడనం 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంతగా తగ్గవచ్చనీ గుర్తుంచుకోండి. 787లో, ఏ350లో అది 6,000 అడుగుల స్థాయికే పరిమితం. కొత్త విమానాలకు అలవాటు పడిన శరీరానికి పది గంటల తర్వాత ఆ తేడా గొంతులోనూ కళ్లలోనూ తెలుస్తుంది. నీళ్లు దగ్గర పెట్టుకోండి, మొదటి ప్రయత్నానికే పదమూడు గంటల మార్గం వద్దు. ఏడెనిమిది గంటలు చాలు.

సీటు ఎంపికతో ముగిస్తాను. రంపపు రొద వినాలంటే ఇంజిన్‌కు కాస్త ముందున్న వరుసలు, ఫ్లాపులు విచ్చుకోవడం చూడాలంటే రెక్క వెనుక అంచుకు నాలుగైదు వరుసల వెనుక కిటికీ. రెండూ ఒకే సీటులో దొరకవు. పగలు దిగే విమానమైతే వెనుక సీటు, రాత్రి బయలుదేరేదైతే ముందు సీటు తీసుకోండి. ఎండ ఎటు నుంచి పడుతుందో కూడా చూసుకుంటే మంచిది. ఒకసారి నేను ఆ లెక్క తప్పి, 747-400 ఫ్లాపులు మూడు ముక్కలూ విచ్చుకుంటున్న సమయానికి సూర్యుడు సరిగ్గా కంట్లో పడుతుంటే, పక్కనున్న పెద్దాయన విసుక్కుని కిటికీ తెర దించేశారు.